వాడకపోయినా కట్టాల్సిన డబ్బు

స్నాప్‌చాట్ నడిపే స్నాప్ కంపెనీ 2017 ఫిబ్రవరిలో పబ్లిక్ ఇష్యూకి సిద్ధమవుతూ, తన లెక్కలన్నీ ఒక పత్రంలో రాసి అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థకు ఇచ్చింది. 2016లో కంపెనీ ఆదాయం 40 కోట్ల 45 లక్షల డాలర్లు, నష్టం 51 కోట్ల 46 లక్షల డాలర్లు. కొత్త కంపెనీలు నష్టాల్లో ఉండటం మామూలే కాబట్టి దాన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఆ పత్రంలోనే మరోచోట ఇంకో అంకె ఉంది. గూగుల్ క్లౌడ్‌ను ఐదేళ్లలో 200 కోట్ల డాలర్ల మేరకు, ఏటా కనీసం 40 కోట్ల చొప్పున వాడతామని స్నాప్ సంతకం పెట్టింది. అంటే ముందటేడు వచ్చిన రాబడి ఇంచుమించు మొత్తం కంప్యూటర్ల అద్దెకే. అది చాలదన్నట్టు కొద్దిరోజులకే అమెజాన్‌తో మరో 100 కోట్ల డాలర్ల ఒప్పందం బయటపెట్టింది: 2017లో 5 కోట్లు, ఆ మరుసటేడు పన్నెండున్నర, తర్వాత 20, ఇరవై ఏడున్నర, 2021లో 35 కోట్లు. ఏ ఏడాదైనా అంత వాడకం లేకపోతే తేడా సొమ్ము కట్టాల్సిందే. గూగుల్ మాత్రం కొంచెం సడలింపు ఇచ్చింది. మొదటి నాలుగేళ్లలో ఏటి మొత్తంలో 15 శాతం వరకు తర్వాతి ఏడాదికి జరుపుకోవచ్చు.

క్లౌడ్ వ్యాపారం మొదలైంది సరిగ్గా దీనికి ఎదురు మాటతో. 2006 ఆగస్టులో అమెజాన్ ఈసీ2 పేరుతో సర్వర్లను అద్దెకివ్వడం ప్రారంభించినప్పుడు ధర గంటకు 10 సెంట్లు. కావాల్సినన్ని గంటలు నడుపుకో, చాలనుకుంటే ఆపెయ్, ఆపాక ఆ గంట దాటితే మీటరు తిరగదు. సర్వర్లు కొని, గది కట్టి, ఏసీలు పెట్టి, మూడేళ్లకు పాతబడ్డాక తూకానికి అమ్ముకోవాల్సిన బాధ లేదన్నదే దాని ఆకర్షణ. ఆ సుఖం కోసం క్లౌడ్‌కి వచ్చినవాళ్లే మళ్లీ ఏడాదికీ మూడేళ్లకీ కట్టుబడి ఎందుకు సంతకాలు పెడుతున్నారు? దానికి ప్రతిగా దొరికే తగ్గింపు 20 శాతం నుంచి 72 శాతం దాకా ఉంటుంది కాబట్టి. అమ్మేవాడు అంత ఎందుకు తగ్గిస్తాడన్నది ముందు చూడాలి.

డేటా సెంటర్‌లో సర్వర్ ఖర్చు చాలావరకు అది పని చేయకముందే అయిపోతుంది. యంత్రం కొనాలి, భవనం కట్టాలి, సబ్‌స్టేషన్ నుంచి లైను లాగాలి, జనరేటర్లు పెట్టాలి. ఆపైన సర్వర్ పనిలో ఉన్నా ఖాళీగా ఉన్నా ఈ ఖర్చు మారదు, కరెంటు కొంత ఆదా అవుతుందంతే. రాత్రి రెండింటికి ఎవరూ అద్దెకు తీసుకోని గంటను దాచి మర్నాడు మధ్యాహ్నం అమ్ముకోవడం కుదరదు. కాబట్టి ఆన్-డిమాండ్ ధరలో, అంటే ఏ హామీ లేకుండా గంటల లెక్కన తీసుకునేవాడి ధరలో, మనం వాడిన గంటతో పాటు వేరేవాళ్లు వాడని గంటల ఖర్చు కూడా కలిసే ఉంటుంది.

ఈ చిక్కును ముందుగా ఎదుర్కొన్నవాళ్లు కరెంటు కంపెనీలవాళ్లు. అందరూ ఒకేసారి దీపాలు వేసే సాయంత్రానికి సరిపడా యంత్రాలు పెట్టాలి, మిగతా వేళల్లో అవి ఊరికే ఉంటాయి. బ్రిటిష్ ఇంజినీరు జాన్ హాప్కిన్‌సన్ 1892లో దీనికి ఒక దారి చూపించాడు. సరఫరాకు సిద్ధంగా ఉన్నందుకు ఒక చార్జీ, వాడిన యూనిట్లకు వేరే చార్జీ. మన ఊళ్లలో రైస్ మిల్లో జిన్నింగ్ మిల్లో నడిపేవాళ్లకు ఇది నెలనెలా తెలుస్తూనే ఉంటుంది. హెచ్‌టీ కనెక్షన్‌కి కాంట్రాక్టెడ్ మాగ్జిమం డిమాండ్ 500 కేవీఏ అని రాసుకుంటే, పని తగ్గి ఆ నెలలో 300 దాటకపోయినా డిమాండ్ చార్జీ 400 మీద పడుతుంది. నమోదైన గరిష్ఠ డిమాండ్, ఒప్పుకున్నదాంట్లో 80 శాతం, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీదే బిల్లు. క్లౌడ్ కంపెనీ చేస్తున్నదీ ఇదే. పైగా తన డేటా సెంటర్‌కి తెచ్చుకునే కరెంటుకు తాను కూడా ఇలాంటి బిల్లే కడుతుంది. కింద తాను మోసే బరువులో కొంత పైవాడి భుజానికి మారుస్తుందన్నమాట.

కాబట్టి ఈ తగ్గింపును టోకు బేరంగా చూడకూడదు. ఎక్కువ కొన్నందుకు తక్కువ ధర అనుకుంటే లెక్క తప్పుతుంది. కొనేవాడు రేపు ఎంత వాడతాడో తెలియని అనిశ్చితి అమ్మేవాడి నెత్తిన ఉంటుంది, హామీ ఇచ్చిన మరుక్షణం అది కొనేవాడి నెత్తికి మారుతుంది. తగ్గింపు ఆ బదిలీకి కట్టిన ధర. హామీలు చేతిలో ఉంటే ఎక్కడ ఎన్ని సర్వర్లు పెట్టాలో తేలుతుంది, అప్పు పుట్టడం తేలికవుతుంది, షేర్‌హోల్డర్లకు చూపించడానికి అంకె ఉంటుంది. అమెజాన్ క్లౌడ్ విభాగం దగ్గర కస్టమర్లు సంతకం పెట్టి ఇంకా వాడని ఒప్పందాల విలువ 2025 మూడో త్రైమాసికం చివరికి 20,000 కోట్ల డాలర్లకు చేరిందని ఆ కంపెనీయే ప్రకటించింది.

హామీ తీరు కాలంతో మారింది. 2009లో అమెజాన్ తెచ్చిన రిజర్వ్‌డ్ ఇన్‌స్టెన్స్‌లో ఫలానా రకం యంత్రాన్ని ఏడాదికో మూడేళ్లకో తీసుకుంటానని చెప్పాలి. రకం మార్చుకుంటే తగ్గింపు పోయేది. యంత్రాల రకాలు పదుల నుంచి వందలకు పెరిగేసరికి ఏది ఎన్ని కొన్నామో చూసుకోవడమే ఒక ఉద్యోగమైపోయింది. 2019 నవంబరులో వచ్చిన సేవింగ్స్ ప్లాన్స్‌తో యంత్రం సంగతి పక్కకు వెళ్లింది. గంటకు ఇన్ని డాలర్లు ఖర్చు పెడతానని చెబితే చాలు, దాంతో ఏం నడుపుకుంటావో నీ ఇష్టం. మైక్రోసాఫ్ట్, గూగుల్ కూడా 2022లో అదే బాట పట్టాయి. గూగుల్ ఇంకో ప్రయోగం కూడా చేసింది. 2014లో, ఏ హామీ అడగకుండానే, నెల పొడుగునా నడిపిన సర్వర్‌కి తనంతట తానే 30 శాతం వరకు తగ్గించే పద్ధతి పెట్టింది. కస్టమర్‌కి అంతకన్నా మేలైనది లేదు. అయినా 2017లో ఆ కంపెనీ కూడా ఏడాది, మూడేళ్ల హామీలు అమ్మకానికి పెట్టింది. వాడిన తర్వాత తెలిసే స్థిరత్వం కన్నా ముందే రాసిచ్చిన స్థిరత్వానికి విలువ ఎక్కువని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇప్పుడు గంట లోపలికి వెళ్దాం. అసలు విషయం అక్కడే ఉంది, అంకెలు కాస్త ఓపిగ్గా చూడాలి.

ఒక కంపెనీ సర్వర్లు పగలు పన్నెండు గంటలూ ఆన్-డిమాండ్ ధరలో గంటకు 1,000 రూపాయల పని చేస్తాయనుకుందాం. రాత్రి పన్నెండు గంటలూ 400 రూపాయల పని. హామీ ఇస్తే 30 శాతం తగ్గింపు, అంటే 100 రూపాయల పని 70కే అవుతుంది. హామీ ఏమీ లేకుంటే రోజు బిల్లు 12,000 ప్లస్ 4,800, మొత్తం 16,800.

మేనేజరుగారు ఉత్సాహపడి వాడకమంతటికీ హామీ ఇచ్చేశారు. పగటి 1,000 రూపాయల పనికి 30 శాతం పోగా గంటకు 700. కానీ ఆ 700 రాత్రి కూడా కట్టాలి. ఇరవై నాలుగు గంటలకు 16,800. ఒక్క రూపాయి కూడా మిగల్లేదు! కాగితం మీద ప్రతి సర్వర్‌కీ 30 శాతం తగ్గింపు పడింది, ఆన్-డిమాండ్ ధరకు ఒక్క గంట కూడా కొనలేదు, ఖర్చు మాత్రం ఉన్నచోటే ఉంది. పైగా మూడేళ్లు కదలకుండా కట్టేసుకున్నారు.

వేరొకరు రాత్రి కూడా తగ్గని 400 రూపాయల పనికి మాత్రమే హామీ ఇచ్చారు. అంటే గంటకు 280. రాత్రి బిల్లు గంటకు 280, పగలు 280కి తోడు మిగిలిన 600 పూర్తి ధరకు, మొత్తం 880. రోజుకు 13,920. ఆదా 2,880 రూపాయలు, శాతంలో 17.

మూడో మనిషి చేసేది తేలిగ్గా జరిగే పొరపాటు. రాత్రి వాడకం 400 అని చూసి, ప్లాన్ కొనే పేజీలోనూ గంటకు 400 అని కొట్టేస్తాడు. అమెజాన్ ప్లాన్‌లో ఆ గడిలో వేయాల్సింది తగ్గించిన తర్వాతి ధర. గంటకు 400 హామీ ఇస్తే 571 రూపాయల పని వస్తుంది. రాత్రి పని 280తోనే అయిపోతుంది, గంటకు 120 వృథా. పగటిపూట కొంచెం కలిసొచ్చినా రోజు మొత్తం 14,743కి తేలుతుంది. రెండో మనిషి కన్నా రోజుకు 823 ఎక్కువ, ఏడాదికి మూడు లక్షలు. ఏ పేజీలోనూ ఎర్రటి హెచ్చరిక కనిపించదు, ఎందుకంటే ఏ హామీ లేని 16,800తో పోలిస్తే ఇదీ ఆదాయే కదా.

ఇక్కడ గుర్తించాల్సిన నియమం: మిగిలిన హామీ మరుసటి గంటకు బదిలీ కాదు. అర్ధరాత్రి వాడని 120 రూపాయలు తెల్లారేసరికి ఎక్కడా జమ ఉండవు. ఏడాదికి 8,760 గంటలు, ప్రతి గంటా దేనికదే ఒక ఖాతా. స్నాప్‌కి దొరికినటువంటి ఏడాది లెక్క, 15 శాతం జరుపుకోవడం వంటివి ఇలా పేజీలో నొక్కి కొనుక్కునే ప్లాన్లలో ఉండవు.

మరి ఎంతవరకు హామీ ఇవ్వాలి? వాడకాన్ని పొరలు పొరలుగా చూస్తే సులువు. మన లెక్కలో మొదటి 400 రూపాయల పొర రోజంతా పనిలో ఉంటుంది. 400 నుంచి 1,000 వరకు ఉన్న పొర సగం గంటలే పనిలో ఉంటుంది. 30 శాతం తగ్గింపుతో ఒక పొర కొన్నామంటే దానికి ఎప్పుడూ 70 శాతం కడుతున్నట్టు. కాబట్టి ఆ పొర నూటికి 70 గంటలకు మించి పనిలో ఉంటేనే లాభం, సరిగ్గా 70 దగ్గర సమం, కింద నష్టం. తగ్గింపు 28 శాతమైతే 72 గంటలు కావాలి. 60 శాతమైతే 40 గంటలు చాలు, అందుకే మూడేళ్ల ప్లాన్లలో హామీని కాస్త పైకి జరపడం దండగ కాదు. ఈ లెక్కకు మూలం బ్యాంకుల్లో ఉంది. ఖాతాదారులు ఏ రోజు ఎంత తీసుకుంటారో తెలియనప్పుడు బ్యాంకు ఎంత నగదు చేతిలో ఉంచుకోవాలన్న ప్రశ్న మీద ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త 1888లోనే ఇలాంటి సూత్రం రాశాడు. నేటి ఆపరేషన్స్ రీసెర్చ్ పుస్తకాల్లో అది పేపర్లమ్మే కుర్రాడి సమస్యగా ఉంటుంది.

పొరల లెక్కతో చూస్తే కొన్ని సంగతులు వాటంతటవే తేలిపోతాయి. ఇంటర్ ఫలితాలు చూపించే వెబ్‌సైటుకు ఏడాదిలో ఒకటి రెండు రోజులే ఉప్పెనలా జనం వస్తారు. ఆ రోజుకు సరిపడే హామీ ఎవరిచ్చినా మతి లేని పని. దానికి పూర్తి ధర కట్టి కొన్ని గంటలు తీసుకోవడమే చవక. ఆగి ఆగి చేసినా ఫర్వాలేని పనులకైతే స్పాట్ సర్వర్లున్నాయి. అమెజాన్‌లో వీటికి 90 శాతం వరకు తగ్గింపు, కాకపోతే రెండు నిమిషాల ముందు చెప్పి వెనక్కి లాగేసుకుంటారు. అక్కడ అనిశ్చితిని కస్టమరే పూర్తిగా భరిస్తున్నాడు, తగ్గింపు కూడా దానికి తగ్గట్టే ఉంది.

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఇప్పుడు ఈ పని చూసేవాళ్లకు ఫినాప్స్ అని ఒక జట్టే ఉంటోంది. వాళ్ల నోట ఎప్పుడూ రెండు మాటలు వినిపిస్తాయి: యుటిలైజేషన్, కవరేజ్. ఇచ్చిన హామీలో ఎంత వాడుకున్నామన్నది మొదటిది, మొత్తం వాడకంలో ఎంత హామీ కిందికి వచ్చిందన్నది రెండోది. పై ఉదాహరణలో మేనేజరుగారి కవరేజ్ నూటికి నూరు, ఆదా సున్నా. రెండో మనిషి యుటిలైజేషన్ నూటికి నూరు, కవరేజ్ 57 మాత్రమే. పై అధికారికి పంపే స్లైడులో ఏదో ఒక అంకె మాత్రమే మెరిసిపోతుంటే రెండోది ఏమైందని అడగడం మంచిది. ఎప్పుడూ యుటిలైజేషన్ వందే చూపించే జట్టు బహుశా ఇవ్వదగిన హామీ కూడా ఇవ్వకుండా భయపడుతోంది.

ఇంకో చిక్కు మనుషుల మధ్య వచ్చేది. కంపెనీలో పది ఖాతాలుంటే, ఒక ఖాతా కొన్న ప్లాన్ ఆ గంటలో అక్కడ మిగిలితే పక్క ఖాతాకు పారుతుంది. అమెజాన్ లెక్క ప్రకారం ఏ వాడకానికి తగ్గింపు శాతం ఎక్కువో ముందు దానికి వర్తింపజేస్తుంది. కంపెనీ మొత్తానికి అది మేలే. కానీ ప్లాన్ డబ్బు తమ బడ్జెట్‌లోంచి కట్టిన జట్టు, నెలాఖరున పక్క జట్టు బిల్లు తగ్గడం చూసి ఊరుకోదు. ఈ పంచాయతీలు తీర్చడానికి ప్లాన్లన్నీ ఒకే పెద్ద ఖాతాలో కొని ఎవరి వాడకాన్ని బట్టి వాళ్లకు పంచే పద్ధతి చాలాచోట్ల నడుస్తోంది.

దానికన్నా మెలిక ఇంకొకటుంది. హామీ ఇచ్చేశాక ఒక ఇంజినీరు కష్టపడి, రాత్రిపూట పనిలేని సర్వర్లను ఆపేసే స్క్రిప్టు రాశాడు. సాంకేతికంగా చక్కని పని. బిల్లు మాత్రం పైసా తగ్గదు, ఆ రాత్రి గంటలకు డబ్బు ముందే రాసిచ్చేశారు కాబట్టి. అందుకే అనుభవజ్ఞులు ముందు దుబారా తగ్గించి, అవసరానికి మించిన పెద్ద సర్వర్లను చిన్నవిగా మార్చి, ఒకటి రెండు నెలల వాడకం చూశాకే ప్లాన్ కొనమంటారు. తగ్గింపు శాతం చూసి ముందే కొనేసినవాళ్లు తమ దుబారాకు మూడేళ్ల గ్యారంటీ ఇచ్చినట్టే.

మూడేళ్లు ఈ రంగంలో చాలా ఎక్కువ. అమెజాన్‌లో ఒకే ప్రాంతంలోని ఒకే సర్వర్ కుటుంబానికి కట్టుబడితే 72 శాతం వరకు తగ్గింపు, దేనికైనా మార్చుకునే స్వేచ్ఛ కావాలంటే 66 వరకు. ఆ ఆరు శాతం పాయింట్ల తేడా స్వేచ్ఛకు ధర. నా ఉద్దేశంలో అది చాలా చవక. 2020లో గ్రావిటన్2 చిప్ సర్వర్లు వచ్చినప్పుడు అంతే డబ్బుకు 40 శాతం వరకు ఎక్కువ పని ఇస్తాయని అమెజాన్ చెప్పింది. పాత కుటుంబానికి మూడేళ్లు కట్టుబడినవాళ్లు అటు దూకలేరు, దూకినా పాత హామీ డబ్బు వదులుకోవాలి. ధరలు పడిపోయినా అంతే. 2025 జూన్‌లో అమెజాన్ కొన్ని జీపీయూ సర్వర్ల ధరలను 45 శాతం వరకు తగ్గించింది. ప్లాన్ కొన్న రోజు రాసుకున్న రేటు గడువు దాకా మారదు కాబట్టి, అంతకు ముందు నెలలో మూడేళ్ల ప్లాన్ కొన్నవాళ్ల రేటు పాతదే.

కొని పశ్చాత్తాపపడితే వెనక్కి ఇచ్చే దారి చాలా ఇరుకు. గంటకు 100 డాలర్లు మించని సేవింగ్స్ ప్లాన్‌ని ఏడు రోజుల లోపు, అదీ కొన్న నెల దాటకుండా అమెజాన్ తిరిగి తీసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ సేవింగ్స్ ప్లాన్‌కి రద్దే లేదు. మన దేశపు కంపెనీలకు ఇంకో రిస్కు కూడా ఉంది. హామీ డాలర్లలో రాసి, బిల్లు రూపాయల్లో కడుతుంటే, మూడేళ్లలో రూపాయి విలువ పడేకొద్దీ కట్టాల్సిన రూపాయలు పెరుగుతాయి.

స్నాప్ లాంటి పెద్ద కస్టమర్ల ఒప్పందాలు ఈ ప్లాన్లకు పైమెట్టు. అక్కడ లెక్క గంటకు కాకుండా ఏడాదికి, తగ్గింపు ఒక రకం సర్వర్ల మీద కాకుండా ఇంచుమించు బిల్లంతటి మీద. కింద సేవింగ్స్ ప్లాన్ల తగ్గింపు కూడా కలుస్తుంది. బయటికి తెలిసేది తక్కువ, షేర్ మార్కెట్‌కి వెళ్లే కంపెనీలు చెప్పక తప్పక చెప్పినప్పుడే. క్యాబ్‌లు నడిపే లిఫ్ట్ 2019 నుంచి 2021 దాకా అమెజాన్‌కు కనీసం 30 కోట్ల డాలర్లు, ఏ ఏడాదీ 8 కోట్లకు తగ్గకుండా ఖర్చు పెడతానని రాసిచ్చింది. ఆ రెండో ఏడాదే కరోనా వచ్చి ప్రయాణాలు పడిపోయాయి.  వాడకమే హామీ కన్నా తగ్గితే పైతగ్గింపు ఎంతున్నా దండగే. విచిత్రమేమిటంటే, అలాంటి కంపెనీలో సర్వర్ల ఖర్చు తగ్గించే ఇంజినీరు కన్నా, హామీ కిందికి వచ్చే ఇంకేదైనా సాఫ్ట్‌వేర్ అదే క్లౌడ్ మార్కెట్‌ప్లేస్‌లో కొనిపెట్టే మేనేజరు ఆ ఏడాదికి ఎక్కువ పనికొస్తాడు.

ఈ రిస్కు తగ్గించుకోవడానికి జాగ్రత్తపరులు హామీనంతా ఒకేసారి కొనరు. నాలుగు భాగాలు చేసి మూడు నెలలకొకటి చొప్పున ఏడాది ప్లాన్లు కొంటారు. అప్పుడు ప్రతి మూడు నెలలకూ నాలుగోవంతు గడువు తీరుతుంది, వాడకం తగ్గితే దాన్ని తిరిగి కొనరు, పెరిగితే కాస్త పెంచుతారు. అమెజాన్ ప్లాన్ గడువు తీరాక దానంతట అది కొనసాగదు. ఆ గంట నుంచే బిల్లు మళ్లీ ఆన్-డిమాండ్ ధరకు ఎక్కుతుంది, సర్వర్ల పనిలో ఏ తేడా రాదు కాబట్టి ఇంజినీర్లకు తెలియదు, నెలాఖరు బిల్లు చూసిన అకౌంట్స్ వాళ్లకే ముందు తెలుస్తుంది. తర్వాతి ప్లాన్‌ని ముందే కొని, పాతది ముగిసిన సమయానికి మొదలయ్యేలా క్యూలో పెట్టుకునే ఏర్పాటు ఉంది. తేదీ, గంట సరిగ్గా వేయాలి, అక్కడి టైము యూటీసీలో చూపిస్తే మన టైముకు ఐదున్నర గంటలు కలుపుకోవాలి.